వదులయ్యే నట్టు, ఒక చుక్క బంక: లెక్క చూద్దాం

వేటపాలెం నుంచి చీరాలకు బండి మీద పావుగంట ప్రయాణం. ఇంజను నిమిషానికి 4,000 చుట్లు తిరుగుతోందనుకుంటే ఆ పావుగంటలో 60,000 చుట్లు. ఇంట్లో సీలింగ్ ఫ్యాను నిమిషానికి సుమారు 350 చుట్లు తిరుగుతుంది. రాత్రి పది గంటలు వేసి ఉంచితే 2,10,000. మిరప చేలో వీపున మోసే పెట్రోలు పంపు, మనవాళ్లు తైవాన్ పంపు అనేది, నిమిషానికి 6,500 చుట్ల దగ్గర పనిచేస్తే గంటకు 3,90,000. చుట్టు చుట్టుకీ ఒక చిన్న కుదుపు ఉంటుంది. ఆ కుదుపులన్నిటినీ భరించాల్సింది నట్లూ బోల్టులే.

అందుకే కొన్ని నట్లు ఎంత బిగించినా వారం తిరిగేసరికి మళ్లీ వదులవుతాయి. సైడు స్టాండు బోల్టు, చైను కవరు బోల్టు, కుట్టు మిషను చక్రం మర, పంపు ఫ్రేము నట్టు... ఏ ఇంట్లో చూసినా ఇలాంటిది ఒకటి ఉంటుంది. దీనికి మెకానిక్ షాపుల్లో వాడే మందు ఒకటుంది. పేరు థ్రెడ్ లాకర్, అంటే బోల్టు మరల మధ్య గట్టిపడి దాన్ని వెనక్కి తిరగనివ్వని బంక. ఒక కంపెనీ పేరు మీద అందరూ లాక్‌టైట్ అనే పిలుస్తారు. సరిగా వాడితే ఒక్క చుక్కతో పని అవుతుంది. తప్పుగా వాడితే బోల్టు తలే తెగి చేతికొస్తుంది. ఈ రెంటికీ మధ్య తేడా ఏమిటో లెక్కలతో సహా చూద్దాం.

ముందు అసలు నట్టు ఎందుకు ఊడుతుందో తెలియాలి. బండ్లలో, పంపుల్లో ఎక్కువగా కనిపించే ఎం6 బోల్టునే తీసుకోండి. ఎం6 అంటే ఒళ్లు ఆరు మిల్లీమీటర్ల లావున్న బోల్టు. దాని తలకు పట్టేది పదో నంబరు పానా. నాణ్యమైన ఎం6 బోల్టును బిగించడానికి కావాల్సిన తిప్పుడు బలం సుమారు 10 న్యూటన్ మీటర్లు. ఈ కొలత భయపెట్టేదేమీ కాదు: ఇరవై సెంటీమీటర్ల పానా చివర ఐదు కిలోల బరువు వేలాడదీస్తే ఎంత బలం పడుతుందో అంతే.

అంత కొద్ది బలంతో ఆ బోల్టు రెండు భాగాలను ఎంత గట్టిగా నొక్కి పట్టుకుంటుందో తెలుసా? సుమారు 900 కిలోల బరువు మోపినంత. గుంటూరు యార్డుకు వెళ్లే మిర్చి టిక్కీ నలభై కిలోలనుకుంటే, ఇరవైకి పైగా టిక్కీలు ఒకదాని మీద ఒకటి పేర్చినంత. చిటికెన వేలంత లావు కూడా లేని బోల్టుకు ఇంత శక్తి ఎలా వచ్చిందంటే, బిగిస్తున్నప్పుడు బోల్టు సాగుతుంది. మగ్గం మీద పడుగు బిగువుగా ఉన్నట్టే బోల్టు కూడా లోపల బిగువుగా లాగి ఉంటుంది. భాగాలను కలిపి ఉంచేది ఆ బిగువే.

ఎంత సాగుతుంది? రెండు సెంటీమీటర్ల మందాన్ని పట్టుకున్న ఎం6 బోల్టు సాగేది సుమారు 0.04 మిల్లీమీటర్లు. నోటు పుస్తకంలో కాగితం మందం 0.1 మిల్లీమీటరు ఉంటుంది. అందులో సగం కూడా కాదు. ఇక ఎం6 నట్టు పూర్తిగా ఒక చుట్టు తిరిగితే ముందుకో వెనక్కో జరిగేది ఒక మిల్లీమీటరు. ఈ రెండు లెక్కలూ కలిపి చూడండి. నట్టు 15 నుంచి 20 డిగ్రీలు వెనక్కి తిరిగితే చాలు, ఆ బిగువంతా పోయినట్టే. గోడ గడియారంలో పెద్ద ముల్లు మూడు నిమిషాలు దాటినంత దూరం అది. నట్టు ఊడి కింద పడడానికి చాలా రోజుల ముందే, చూపుకు బాగానే కనిపిస్తున్నప్పుడే, అది పని మానేసి ఉంటుంది.

మనం పానాతో పెట్టే శ్రమ ఎటు పోతుందో కూడా తెలుసుకోవాలి. నూరు రూపాయల శ్రమ పెడితే సుమారు యాభై రూపాయలు బోల్టు తల కింద రాపిడికి పోతాయి. మరో నలభై మరల మధ్య రాపిడికి పోతాయి. బోల్టును సాగదీసి బిగువు తెచ్చేది మిగిలిన పది రూపాయలే. ఆ తొంభై రూపాయల రాపిడి వృథా కాదు, నట్టును వెనక్కి తిరగనివ్వకుండా కాపలా కాసేది అదే. రాపిడి ఉన్నంతకాలం నట్టు కదలదు.

మరి కుదుపు ఏం చేస్తుంది? 1969లో గెర్హార్డ్ జుంకర్ అనే జర్మన్ ఇంజనీరు దీన్ని పరీక్షించి తేల్చాడు. బోల్టును నిలువునా లాగి వదిలే కుదుపు కంటే, అది పట్టుకున్న రెండు భాగాలు అడ్డంగా అటూ ఇటూ జారే కుదుపు చాలా ప్రమాదం. అడ్డంగా జారిన ప్రతిసారీ మరల మధ్య రాపిడి ఒక్క క్షణం పట్టు తప్పుతుంది. ఆ క్షణంలో బోల్టులోని బిగువే నట్టును కాస్త వెనక్కి నెడుతుంది. ఒక్కసారికి అది కంటికి ఆనదు. గంటకు లక్షల సార్లు జరిగితే ఎంతవుతుందో పైన లెక్క వేసుకున్నాం. ఆయన పేరుతోనే ఆ పరీక్ష ఇప్పటికీ ప్రపంచమంతా వాడుకలో ఉంది.

"స్ప్రింగ్ వాషర్ వేశాం కదా, చాలదా?" అని అడుగుతారు. న్యాయమైన అనుమానమే, ఎందుకంటే మన బండ్లలో చాలా బోల్టుల కింద అదే ఉంటుంది. కానీ బోల్టు పూర్తి బిగువులో చిన్న భాగానికే స్ప్రింగ్ వాషర్ అణిగి చదునైపోతుంది. ఆ తర్వాత అది మామూలు వాషరే. జుంకర్ తరహా పరీక్షల్లో స్ప్రింగ్ వాషర్ వేసిన బోల్టు ఉత్త బోల్టుకంటే పెద్దగా మెరుగనిపించుకోలేదు. లోపల నైలాన్ రింగు ఉండే నట్టు, నైలాక్ నట్టు అంటారు, దానికంటే నయం: బిగువు తగ్గినా నట్టు ఊడి పడిపోనివ్వదు. కానీ బోల్టు నేరుగా ఇంజను ఒంట్లోకి దిగేచోట నట్టుకే తావుండదు. బంక అవసరం అక్కడే ఎక్కువ.

నట్టు వదులవడం చిన్న విషయమనిపిస్తే ఒక సంగతి చెబుతాను. 2002 మే 10న లండన్‌కు ఉత్తరాన పోటర్స్ బార్ స్టేషన్ దగ్గర రైలు పట్టాలు తప్పి ఏడుగురు చనిపోయారు. రైలును ఒక పట్టా నుంచి మరో పట్టాకు మళ్లించే చోట ఉండే కడ్డీల నట్లు వదులై ఊడిపోవడమే దర్యాప్తులో తేలిన కారణం. మన రైల్వేలో కీమాన్ రోజూ పట్టాల వెంట నడుస్తూ చూసే వాటిలో బోల్టులు కూడా ఉన్నది ఇందుకే. ఎంత మంచి ఏర్పాటు చేసినా మనిషి కన్ను కూడా కావాలి. ఇంట్లో దీనికి తేలిక మార్గముంది: బిగించాక నట్టు మీదుగా పక్కనున్న ఇనుము మీదికి పెయింటుతో ఒక సన్నని గీత గీయండి. గీత విరిగినట్టు కనిపించిందంటే నట్టు కదిలిందన్నమాట. పానా తియ్యకుండానే తెలిసిపోతుంది.

ఇప్పుడు బంక సంగతి. బోల్టు మరకూ నట్టు మరకూ మధ్య ఎప్పుడూ కొంత ఖాళీ ఉంటుంది, మిల్లీమీటరులో పదో వంతు అటూ ఇటూ. ఆ ఖాళీ లేకపోతే నట్టు తిరగనే తిరగదు. బిగించాక మర ఒకవైపే ఆనుకుంటుంది, రెండోవైపు ఖాళీ అలాగే ఉంటుంది. అడ్డంగా జారడానికి చోటిచ్చేది ఈ ఖాళీయే. బంక దాన్ని నింపి గట్టిపడితే జారడానికి చోటే ఉండదు. నట్టును ఎక్కువ బిగించడం బంక పని కాదు, వచ్చిన బిగువు పోకుండా చూడడమే దాని పని. ఈ తేడా మనసులో పెట్టుకుంటే తక్కిన జాగ్రత్తలన్నీ వాటంతటవే అర్థమవుతాయి.

ఇది గట్టిపడే తీరు వింతగా ఉంటుంది. మామూలు జిగుళ్లు గాలి తగిలి ఆరతాయి. ఇది గాలి తగులుతున్నంతసేపూ ద్రవంగానే ఉంటుంది. గాలిలోని ఆక్సిజన్ అందకుండా, ఇనుము, రాగి లాంటి లోహం తగిలినప్పుడు మాత్రమే గట్టి ప్లాస్టిక్‌గా మారుతుంది. బిగించిన మరల మధ్య ఈ రెండూ కుదురుతాయి. 1940లలో అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ పరిశోధకులకు ఇలాంటి పదార్థం దొరికింది కానీ, గట్టిపడకుండా ఉంచాలంటే దాంట్లోకి నిత్యం గాలి బుడగలు పంపుతూ ఉండాల్సి వచ్చేది. అలాంటిదాన్ని అంగట్లో ఎలా అమ్ముతారు? అమెరికాలోనే హార్ట్‌ఫోర్డ్ పట్టణంలోని ట్రినిటీ కాలేజీ రసాయనశాస్త్ర ఆచార్యుడు వెర్నన్ క్రీబుల్ 1953 ప్రాంతంలో సీసాలో నిలవ ఉండే రకాన్ని తయారుచేశాడు. అదే లాక్‌టైట్ పేరుతో 1956లో బయటికొచ్చింది. 1997లో ఆ కంపెనీని జర్మనీకి చెందిన హెంకెల్ కొనుక్కుంది. ఇప్పుడు ఇలాంటి బంకను చాలా కంపెనీలు చేస్తున్నాయి. చెన్నైలోని అనబాండ్ వాటిలో ఒకటి.

ఈ సంగతి తెలిస్తే రెండు అనుమానాలు తీరతాయి. మొదటిది: "కొత్త సీసా కొంటే సగమే ఉంది, మోసపోయానా?" లేదు. సీసాలో గాలి ఉండడానికే పైభాగం ఖాళీగా వదులుతారు. సీసా ప్లాస్టిక్ కూడా గాలిని కొద్దికొద్దిగా లోపలికి రానిచ్చే రకమే. రెండోది: "బోల్టు తల చుట్టూ కారిన బంక మర్నాటికీ తడిగానే ఉంది, మందు పాతదేమో!" అది కూడా కాదు. బయట ఉన్నదానికి గాలి తగులుతోంది కాబట్టి ఆరదు. లోపలిది గట్టిపడే ఉంటుంది. బయటిదాన్ని గుడ్డతో తుడిచేయండి.

రంగుల దగ్గరే చాలామంది పొరబడతారు. సీసా రంగు కాదు, లోపలి ద్రవం రంగు చూడాలి. లాక్‌టైట్ సీసాలు చాలావరకు పైకి ఎర్రగానే కనిపిస్తాయి. అందులో నీలం బంక ఉండొచ్చు, ఎర్ర బంకా ఉండొచ్చు. పైగా రంగుల పద్ధతి చట్టమేమీ కాదు, కంపెనీని బట్టి మారవచ్చు. చీటీ మీద నంబరు, కింద రాసిన బలం చదవండి. లాక్‌టైట్ వరకు చెప్పాలంటే 222 ఊదా రంగు, తక్కువ పట్టు. 242, 243 నీలం, మధ్యరకం పట్టు. 263, 271 ఎరుపు, గట్టి పట్టు. 290 ఆకుపచ్చ, ఇది నీళ్లలా పలచన కాబట్టి ముందే బిగించి ఉన్న చిన్న మరల అంచున ఒక చుక్క వేస్తే దానంతటదే లోపలికి పాకుతుంది.

పట్టు ఎంత తేడా? పది మిల్లీమీటర్ల లావు బోల్టును కొలతకు తీసుకుందాం. ఊదా బంక పట్టును విడిపించడానికి సుమారు 6 న్యూటన్ మీటర్లు కావాలి, అంటే పాతిక సెంటీమీటర్ల పానా చివర రెండున్నర కిలోల బరువు. నీలానికి రకాన్ని బట్టి నాలుగున్నర నుంచి పది కిలోల దాకా. ఎరుపుకి పది కిలోలు దాటుతుంది. పైగా నీలం మొదటి పట్టు విడవగానే తేలికపడుతుంది. ఎరుపు అలా కాదు, చివరి మర దాకా పెనుగులాడుతూనే ఉంటుంది. పది మిల్లీమీటర్ల బోల్టు దీన్ని తట్టుకుంటుంది. నాలుగైదు మిల్లీమీటర్ల సన్న బోల్టు తట్టుకోలేదు. బంక విడవక ముందే బోల్టు తెగుతుంది. తెగిన ముక్కను లోపలి నుంచి తీయించడానికి లేతు షాపులో అయ్యే ఖర్చు బంక సీసా ఖరీదును మించిపోతుంది.

అందుకే నా మాట సూటిగా చెబుతాను: ఇంటికి నీలం సీసా ఒక్కటి చాలు. కుట్టు మిషను చిన్న మరల వంటి పనులు ఎక్కువైతే ఊదా ఒకటి తెచ్చుకోండి. ఎరుపు ఇంట్లో అక్కర్లేదు, అది ఇంజను పని చేసేవాళ్ల దగ్గర ఉండాల్సింది.

ఖర్చు మాట. పెద్ద సీసా కొనకండి. ఒక మిల్లీలీటరులో సుమారు ఇరవై చుక్కలు వస్తాయి. పది మిల్లీలీటర్ల సీసాలో రెండు వందల చుక్కలు. ఎం6 బోల్టు మరల మధ్య ఖాళీని నింపడానికి ఒక చుక్కలో మూడో వంతు కూడా పట్టదు, కారిపోయేది కలుపుకున్నా చుక్క మించదు. సీసా నాలుగు వందల రూపాయలనుకుంటే బోల్టుకు రెండు రూపాయలు పడుతుంది. ఒక సంసారానికి ఆ చిన్న సీసా ఏళ్ల తరబడి వస్తుంది, గడువు తేదీ దాటకుండా చూసుకుంటే.

వాడే పద్ధతిలో శుభ్రతదే అసలు కష్టం. బోల్టు విప్పి పాత నూనె, మడ్డి, తుప్పు అన్నీ పోయేలా ఇనుప తీగల బ్రష్షుతో రుద్దండి. ఆ తర్వాత నూనె జిడ్డు తీసే ద్రవంతో తుడవండి: అసిటోన్ గానీ, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ గానీ. "పెట్రోలుతో కడిగితే?" జిడ్డు కొంత మిగులుతుంది. కిరసనాయిలు ఇంకా ఎక్కువ మిగులుస్తుంది. "కోవిడ్ నాటి శానిటైజర్ సీసా ఉంది, అది కూడా ఆల్కహాలే కదా?" ఆల్కహాలే, కానీ చేతులు ఎండిపోకుండా అందులో గ్లిజరిన్ కలుపుతారు, ఆ గ్లిజరిన్ మరల మీద పొరలా ఉండిపోతుంది. గోళ్ల రంగు తుడిచే ద్రవంలోనూ చాలాసార్లు నూనె కలిపి ఉంటుంది. కొద్దిపాటి నూనెను ఓర్చుకునే రకాలు నీలంలో ఉన్నాయి, 243 అలాంటిదే. అయినా శుభ్రం చేసిన మర మీద పట్టు వేరు.

ఆరాక, నట్టు ఎక్కడ వచ్చి ఆగుతుందో బోల్టు మీద ఆ మరల దగ్గర ఒక చుక్క వేయండి. బోల్టు కొసన వేస్తే నట్టు ఎక్కేటప్పుడు బయటికి తోసేస్తుంది. అవతలి వైపు తెరుచుకోని గుంత అయితే, ఇంజను ఒంట్లో ఇలాంటివే ఎక్కువ, చుక్కను గుంత లోపలికి వేయాలి. ఎందుకంటే బోల్టు దిగుతున్నప్పుడు లోపల చిక్కుకున్న గాలి పైకి తన్ని బోల్టు మీది బంకను ఊడ్చేస్తుంది. బంక లోపల ఉంటే గాలి దాన్నే మరల్లోకి నెడుతుంది. సీసా ముక్కును మాత్రం ఇనుముకు తగలనివ్వకండి. లోహపు రేణువులు ముక్కులోకి వెళితే సీసాలో ఉన్నది కూడా గడ్డకట్టడం మొదలవుతుంది. మిగిలిన బంకను తిరిగి సీసాలో పోయడం కూడా అందుకే వద్దు.

చుక్క వేశాక కొద్ది నిమిషాల్లో పూర్తిగా బిగించేయండి. గట్టిపడుతున్న మధ్యలో కదిలిస్తే పట్టు దెబ్బతింటుంది. తడిగా ఉన్న బంక నూనెలా జారుతుంది. రాపిడి తగ్గింది కాబట్టి అదే శ్రమకు బోల్టు ఎక్కువ సాగుతుంది. అలవాటైన బలం కంటే ఇంకాస్త గుంజకండి. మామూలు ఇనుము మీద పది ఇరవై నిమిషాల్లో పట్టు మొదలవుతుంది, పూర్తి బలం రావడానికి 24 గంటలు. రాగి, ఇత్తడి మీద త్వరగా పడుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు, అల్యూమినియం, జింకు పూత పూసినవి నిదానం. మన హార్డ్‌వేర్ షాపుల్లో దొరికే బోల్టులు ఎక్కువగా జింకు పూతవే కాబట్టి ఎప్పుడైనా ఒక రోజు ఆగడమే మేలు. సాయంత్రం వేసి మర్నాడు సాయంత్రం బండి తీయండి. స్టెయిన్‌లెస్ బోల్టుకైతే ముందుగా పూసే వేగవర్ధకం, యాక్టివేటర్ అంటారు, అడిగి తెచ్చుకోండి.

"ఫెవిక్విక్ ఉండగా ఇదెందుకు?" ఫెవిక్విక్ గాలిలోని తేమ తగిలి క్షణాల్లో పట్టుకుంటుంది. బిగించడం సగంలో ఉండగానే నట్టు అతుక్కుపోవచ్చు. పైగా గాజులా పెళుసు, కుదుపుకు పగిలిపోతుంది. ఎం-సీల్ మరల్లోకి దిగేంత పలచన కాదు. గోళ్ల రంగు చిన్న చిన్న మరల మీద కొంతవరకు పనిచేస్తుంది, కానీ అది ఉత్త రంగు పొర. గాలి ఆడని చోట సరిగా ఆరదు. ఇక కుళాయిలకు చుట్టే టెఫ్లాన్ టేపు ఇక్కడ పూర్తిగా ఎదురు పని చేస్తుంది. మరలను ఇంకా జారేలా చేస్తుంది.

"మర అరిగిపోయింది, బంక పోస్తే నిలుస్తుందా?" నిలవదు. నీలం బంక నింపగలిగే ఖాళీ మిల్లీమీటరులో పదో వంతు దగ్గరే ఆగిపోతుంది. మర పోయిన గుంతకు లేతు షాపులో కొత్త మర కోయించాలి, లేదా హెలికాయిల్ అనే తీగచుట్ట వేయించాలి.

వేటపాలెం లాంటి ఊరికి ఈ బంకతో మరో లాభముంది, నా దృష్టిలో పట్టు కంటే అది తక్కువేమీ కాదు. సముద్రం దగ్గర. ఉప్పు గాలి తగిలిన బోల్టు ఒకటి రెండు వానాకాలాలకే తుప్పు పట్టి బిగుసుకుపోతుంది. తైవాన్ పంపు ఒళ్లు అల్యూమినియం, దాంట్లోకి దిగే బోల్టు ఇనుము. రెండు వేరు లోహాల మధ్య ఉప్పు తడి చేరితే అల్యూమినియం తెల్లటి పొడిగా రాలి మర పాడవుతుంది. బంక మరల మధ్య ఖాళీని పూర్తిగా మూసేస్తే తడికి దారి ఉండదు. బంక పెట్టిన బోల్టు కొన్నేళ్ల తర్వాత శుభ్రంగా విడివడితే, పెట్టని బోల్టు తల తెగడం ఇలాంటి ఊళ్లలో మామూలే.

ఇక ఎక్కడ వాడకూడదో చెప్పాలి, ఇదే ముఖ్యం. ప్లాస్టిక్ దగ్గర వద్దు. హెల్మెట్ అద్దం, బండి మీటరు డబ్బా, ఫోను, కళ్లజోడు వంటివాటిలో వాడే చాలా ప్లాస్టిక్‌లు ఈ ద్రవం తగిలితే సన్నగా నెర్రెలిస్తాయి. వెంటనే కాదు, కొన్ని రోజులకు. కళ్లజోడు మర మాటిమాటికీ ఊడుతుంటే కళ్లజోళ్ల షాపుకే వెళ్లండి. మగ్గం చెక్క భాగాలకు ఇది పనికిరాదు, లోహం తగలందే గట్టిపడదు కాబట్టి. మగ్గానికి అమర్చే జాకార్డు ఇనుప భాగాలకు, కండెలు చుట్టే మోటారు చక్రం మరకు వాడవచ్చు. కానీ బయట కారిన బంక ఆరదని చెప్పాను కదా, నూలుకు అంటకుండా పూర్తిగా తుడవాలి.

రోజూ తిప్పే మరలకు వద్దు: కుట్టు మిషనులో సూది బిగించే మర, దారం బిగువు సరిచేసే మర, పంపు కార్బురేటరు మరలు. ఇంజను ఆయిలు బోల్టుకు, స్పార్క్ ప్లగ్గుకు వద్దు. సైలెన్సరు బోల్టుకు దండగ. నీలం బంక తట్టుకునేది సుమారు 150 డిగ్రీల వేడి, సైలెన్సరు మొదలు దాన్ని మించిపోతుంది. మన మే నెల 45 డిగ్రీలు దానికి లెక్కలోకి రావు. కరెంటు వైర్లు బిగించే మరలకు వద్దు, ఎండిన బంక కరెంటును పోనివ్వదు. ఆక్సిజన్ సిలిండరు బిగింపులకు ఎట్టి పరిస్థితిలోనూ వద్దు, మంటకు దారితీయవచ్చు.

సీలింగ్ ఫ్యాను విషయం విడిగా చెబుతాను. రెక్కల మరలకు నీలం బంక మంచిదే. కానీ ఫ్యానును పైన కొక్కేనికి పట్టించే బోల్టుకు చీలిక పిన్ను ఉంటుంది. బంక పెట్టాం కదా అని ఆ పిన్ను తీసేయకండి. బండి చక్రం ఇరుసు నట్టు పిన్ను కూడా అంతే. ప్రాణం ఆధారపడ్డ చోట తయారీదారు పెట్టినదాన్ని తీసి బంకను పెట్టకూడదు. బ్రేకు బోల్టులు విప్పాల్సి వస్తే మెకానిక్ చేతే చేయించండి.

విప్పాల్సి వచ్చినప్పుడు నీలం మామూలు పానాకే లొంగుతుంది. మొండికేస్తే బోల్టు తలకు వేడి పెట్టాలి. చిన్న మరకు సోల్డరింగ్ ఐరన్ మొన కాసేపు ఆనిస్తే చాలు. ఎరుపు కూడా 250 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది, ఆ వేడి మీదే విప్పాలి. పెట్రోలు ట్యాంకు దగ్గర మాత్రం వేడి పని పెట్టుకోకండి. తిరిగి బిగించే ముందు పాత బంక పొడిని బ్రష్షుతో తీసేసి కొత్త చుక్క వేయాలి. పాతది రెండోసారి పట్టదు.

చేతికి అంటితే సబ్బుతో కడుక్కోండి. మాటిమాటికీ తగిలితే కొందరికి చర్మం మీద ఎలర్జీ వస్తుంది, చేతి తొడుగులు వేసుకోవడం మంచిది. పురుగుమందు పంపు మీద పని చేసేముందు పంపును బాగా కడగడం మరవకండి. సీసాను ఎండ తగలని చల్లని అరలో, పిల్లలకు అందకుండా ఉంచండి. బండి సీటు కింద పెడితే మన ఎండలకు గడువు కంటే ముందే పాడవుతుంది.

ఇంత జాగ్రత్తగా పెట్టినా నెల తిరక్కుండానే అదే బోల్టు మళ్లీ వదులైతే ఇంకో చుక్క వేయకండి, ఎరుపు కోసం వెతకకండి. తప్పు ఆ బోల్టులో లేదు. ఇంజను కింద రబ్బరు అరిగి ఉండొచ్చు, ఇరుసు వంగి ఉండొచ్చు, ఫ్యాను రెక్క ఒకటి ఒరిగి ఉండొచ్చు. ఉండాల్సిన దానికంటే ఎక్కువ కుదుపు ఎక్కడి నుంచో వస్తోంది. బండిని మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లి, ఏ బోల్టు ఎన్నిసార్లు వదులైందో చెప్పండి. జబ్బు ఎక్కడుందో వెతకడానికి ఆయనకు ఆ ఒక్క వివరమే సగం దారి చూపిస్తుంది.